పదమూడేళ్లకే ఎవరెస్ట్ ఎక్కిన మాలావత్ పూర్ణ

మాది సాలూరు వైపు. ఇంట్లోంచి బయటికొస్తే కొండలే. కట్టెల కోసం మా ఆడపిల్లలు రోజూ ఎక్కుతారు, దాన్నెవరూ గొప్పగా చెప్పుకోరు.

పూర్ణది నిజామాబాద్ జిల్లా పాకాల. లంబాడా కుటుంబం, అమ్మానాన్న వ్యవసాయ కూలీలు. గురుకులంలో చదువుతూ భువనగిరి రాతికొండ మీద తాడు పట్టుకుంది. కోచ్ శేఖర్ బాబు. తర్వాత డార్జిలింగ్, లడఖ్‌లలో శిక్షణ.

ఇక్కడే ఒక చిక్కు. నేపాల్ వైపు నుంచి ఎవరెస్ట్ ఎక్కాలంటే 16 ఏళ్లు నిండాలి. అందుకే టిబెట్ వైపు నుంచి వెళ్లారు. 2014 ఏప్రిల్ 18న నేపాల్ వైపు మంచుచరియలు పడి 16 మంది చనిపోయారు. ఆ తర్వాత కూడా పూర్ణ, ఖమ్మం కుర్రాడు ఆనంద్ వెనక్కి తిరగలేదు. మే 25న శిఖరం ఎక్కేశారు. అప్పటికి పూర్ణకి 13 ఏళ్ల 11 నెలలు. అంత చిన్న వయసులో ఎవరెస్ట్ ఎక్కిన అమ్మాయి ప్రపంచంలో ఇంకెవరూ లేరు.

దారిలో శవాలు చూసిందట. అది చదివాక నాకు నిద్ర పట్టలేదండీ. మా చెల్లికి ఇప్పుడు పదమూడే. దాన్నైతే పంపను, నిజం చెప్తున్నా. కానీ ఆ వయసుకే పెళ్లి చేసి పంపేసిన ఇళ్లు మా చుట్టుపక్కల ఉన్నాయి. అప్పుడు ప్రమాదం అని ఎవరూ అనలేదు.

పూర్ణ అక్కడితో ఆగలేదు. 2016లో కిలిమంజారో, 2022 జూన్‌లో డెనాలీ. దాంతో ఏడు ఖండాల ఎత్తైన శిఖరాలూ పూర్తి.

అన్నట్టు, పైన ఆమెని బాగా ఇబ్బంది పెట్టింది ప్యాకెట్ తిండి వాసనంట!