పరుగుకు తొందర పనికిరాదు

(సంఘం సర్వసభ్య సమావేశంలో ఒక విశ్రాంత వ్యాయామోపాధ్యాయుని ప్రసంగ పాఠం)



ఇంతసేపు డి.ఎ. బకాయిల గురించి మాట్లాడుకొన్నాం. నేను మన మనుమల పరుగు గురించి నాలుగు మాటలు మనవి చేస్తాను. కామారెడ్డిలో గాని, ఎల్లారెడ్డిలో గాని తెల్లవారుజామున మైదానానికి వెళ్తే పోలీసు ఉద్యోగం కోసం పరుగెత్తే పిల్లలు కనబడతారు. 2022 కానిస్టేబుల్ నోటిఫికేషన్‌లో మగపిల్లలు 1600 మీటర్లు 7 నిమిషాల 15 సెకన్లలో, ఆడపిల్లలు 800 మీటర్లు 5 నిమిషాల 20 సెకన్లలో పూర్తి చేయాలని పెట్టారు. ప్రిలిమినరీ రాతపరీక్ష గట్టెక్కిన వాడైనా ఇక్కడ ఒక్క సెకను దాటితే ఇంటికి రావలసిందే.

ముందుగా నా తప్పు చెప్పుకొంటాను. ఏళ్ల తరబడి బడిపిల్లలకు డ్రిల్లు చేయించిన నేను సొంత మనుమని విషయంలో తొందరపడ్డాను. రోజూ గడియారం పట్టుకొని, నిన్నటికంటె వేగంగా ఉరకమని తరిమాను. మూడు వారాలు సమయం తగ్గుతూ వచ్చింది. నాలుగో వారం ముంగాలి ఎముక నొప్పి మొదలైంది. "తాతా, కాలు మోపలేకపోతున్నా" అంటే "అదే పోతుందిలేరా" అన్నాను. ఆ యేడు వాడు పరీక్షకు దిగనే లేదు.

కారణం ఒక్కటే. దమ్ము కొద్ది వారాల్లోనే పెరుగుతుంది. ఎముకలు గట్టిపడడానికి నెలలు కావాలి. పరుగు ఒంటిని అలుపుతుంది, బలం వచ్చేది విశ్రాంతిలోనే. న్యూజిలాండ్ శిక్షకుడు ఆర్థర్ లిడియార్డ్, 800 మీటర్లు పరుగెత్తే పీటర్ స్నెల్ చేత కూడా ముందు దూరపు పరుగులే చేయించి, వేగం పని తరువాత పెట్టారు. 1960 రోమ్ ఒలింపిక్స్‌లో స్నెల్‌కు స్వర్ణం వచ్చింది. అంత దూరం మన పిల్లలకు వద్దు గాని, ఆ వరుస నేర్చుకోవాలి. దుక్కి కానిదే విత్తనం వేయం గదా!

పరీక్షకు మూడు నెలల ముందే మొదలు పెట్టించండి. మొదటి నెల వారానికి నాలుగు రోజులు చాలు. రెండు నిమిషాలు పరుగు, ఒక నిమిషం నడక, ఇలా అరగంట. పక్కవాడితో మాట్లాడగలిగినంత మెల్లగానే సాగాలి. నెల చివరికి నడక తగ్గించి అరగంట ఆగకుండా పరుగెత్తనివ్వండి.

రెండో నెల మూడు రోజులు అదే మెల్లని పరుగు, ఒక్క రోజు మాత్రం వేగం. నాలుగు వందల మీటర్ల చుట్టు ఒకటి వేసి, రెండు మూడు నిమిషాలు నడిచి, మళ్లీ ఒకటి. ఇలా నాలుగు చుట్లు. మూడో నెల అటువంటివి ఐదు. 7 నిమిషాల 15 సెకన్లంటే చుట్టుకు సుమారు 1 నిమిషం 48 సెకన్లు. కనుక 1 నిమిషం 45 సెకన్లకు అలవాటు చేయండి. మొదటి చుట్టే నిమిషంన్నరలో ఉరికిన కొత్తవాడు చివరి చుట్టులో కూలబడతాడు. పరీక్షకు ముందు వారం పని సగం చేయించండి. నొప్పి ఒకే చోట నిలిచి ఉంటే పరుగు ఆపి డాక్టరుకు చూపించండి.

గడియారం పరీక్ష నెలకు ఒకసారి చాలు. ఫలితం నోటుబుక్కులో వ్రాసి పెట్టండి. మా వాడు మరుసటి యేడు ఈ పద్ధతిలోనే మళ్లీ మొదలుపెట్టాడు. కాలి నొప్పి తిరిగి రాలేదు.

ఉరకమని అరిచేవాళ్లు మైదానంలో చాలామంది ఉన్నారు. "ఇవాళ మెల్లగా పో బిడ్డా" అని చెప్పే పెద్దదిక్కే లేదు. మనకు తీరిక ఉంది, ఆ పని మనం చేద్దాం. సెలవు.