ఎస్టిమేటు కాగితానికి ఫీజు ఎవరు కట్టాలి?

(పాలకుర్తిలో మహిళా సంఘాల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ఇవాళ నేను మాట్లాడబోయేది చాలా చిన్న విషయంలా కనిపిస్తుంది. కొన్న ఇల్లు కురుస్తోంది, గోడ పగిలింది. బాగు చేయడానికి ఎంతవుతుందో రాసిమ్మని అడిగితే 'రాసివ్వడానికి రెండు వేలు కట్టండి' అంటాడు బిల్డరు. కట్టాలా, వద్దా?

నాకు తెలిసిన ఒక చెల్లెలు హనుమకొండలో అపార్టుమెంటులో ఇల్లు కొనుక్కుంది. రెండో వానాకాలానికే పడకగది గోడ చెమ్మెక్కింది. అమ్మినాయన దగ్గరికి పోతే నోటితో ఏదో లెక్క చెప్పాడు. రాసిమ్మంటే ఫీజు అడిగాడు. పైగా "మీ ఆయన్ని పంపమ్మా, మేం మాట్లాడుకుంటాం" అన్నాడు. ఇల్లు రిజిస్ట్రేషన్ అయింది ఆమె పేరు మీద. అప్పు కడుతున్నది ఆమె జీతంలోంచి. అయినా ఇంటి గురించి మాట్లాడే అర్హత మాత్రం ఆమెకు లేదట!

ఆ రెండు వేలు కడితే ఏమవుతుందో ఆలోచించండి. ఎస్టిమేటు కొనుక్కున్నామంటే, మరమ్మతు ఖర్చు మనదేనని మనమే ఒప్పుకున్నట్టు. కానీ చట్టం ఏమంటోంది? 2016 నాటి స్థిరాస్తి నియంత్రణ చట్టం, అంటే రెరా, 14వ సెక్షన్ ప్రకారం ఇల్లు అప్పగించిన 5 ఏళ్లలోగా కట్టడంలో, పనితనంలో, నాణ్యతలో లోపం ఉందని తెలియజేస్తే, బిల్డరు 30 రోజుల్లో పైసా తీసుకోకుండా సరిచేయాలి. చేయకపోతే నష్టపరిహారం ఇవ్వాలి. మరమ్మతే ఉచితమైనప్పుడు దాని ఎస్టిమేటుకు ఫీజెక్కడిది? కాబట్టి అలాంటిచోట ఎస్టిమేటు అడగడమే మన పొరపాటు. అడగవలసింది మరమ్మతు. అదీ రాతపూర్వకంగా, తేదీ వేసి, రిజిస్టర్డ్ పోస్టులో.

500 చదరపు మీటర్లకు మించని స్థలంలో కట్టినవాటికీ, 8 ఇళ్లకు మించనివాటికీ రెరా రిజిస్ట్రేషన్ అక్కరలేదు. అలాంటి ఇల్లు కొన్నామె దిక్కులేనిదేం కాదు. ఇళ్ల నిర్మాణాన్ని 1993లోనే వినియోగదారుల చట్టంలో సేవగా చేర్చారు. అదే ఏడాది లక్నో డెవలప్‌మెంట్ అథారిటీ కేసులో సుప్రీంకోర్టు కూడా ఆ మాటే చెప్పింది. 2019 చట్టం ప్రకారం మనం ఉంటున్న చోటి జిల్లా కమిషన్‌లోనే ఫిర్యాదు చేసుకోవచ్చు. గడువు 2 ఏళ్లు. ఆలస్యం చేయకూడదు.

ఇక రెండో సంగతి. పాలకుర్తిలో మనకు ఎక్కువగా ఎదురయ్యేది బిల్డరు కాదు, మేస్త్రీ. పాత ఇంటి స్లాబు చూడమని పిలుస్తాం. ఆయన పనిమానుకుని వస్తాడు, పైకెక్కి కొట్టి చూస్తాడు, కొలతలు తీస్తాడు. పూట కూలి పోతుంది. శ్రమకు విలువ కట్టాలని పోరాడే మనం ఆయన శ్రమను ఊరికే అడగడం న్యాయం కాదు. ఇవ్వాల్సిందే. అయితే ఎంతో ముందే చెప్పాలి. సిమెంటుకెంత, ఇసుకకెంత, కూలికెంత, ఎన్నిరోజులు అన్నది విడివిడిగా రాసి సంతకం పెట్టాలి. పని ఆయనకే ఇస్తే ఆ సొమ్ము బిల్లులో తగ్గించాలి. ఆ కాగితం మనది, ఇంకొకరికి చూపించి బేరమాడుకునే హక్కు మనకుండాలి. ముగ్గుర్ని అడగాలంటే ముగ్గురికీ వేలకు వేలు కట్టాల్సివస్తే పేదామె అడగడమే మానేస్తుంది.

2024లో మొదలైన ఇందిరమ్మ ఇళ్ల పథకంలో 5 లక్షల రూపాయలు విడతలవారీగా ఇంటి ఆడమనిషి పేరునే వస్తున్నాయి. ఇల్లు ఆమెది, గుత్త మాత్రం మగవాళ్ల మధ్య నోటిమాట! రేపు స్లాబు కురిస్తే ఆమె చేతిలో ఏముంటుంది? గుత్త మాట్లాడుకునే రోజే కాగితం రాయించుకోండి. చదువురాని అక్క ఉంటే సంఘంలో చదువుకున్న చెల్లెలు పక్కన కూర్చోవాలి. గుత్తకు ఇచ్చిన సొమ్ము 5 లక్షలకు మించకపోతే వినియోగదారుల కమిషన్‌లో ఫీజు కూడా ఉండదు.

ఈ ఊళ్లో నిలబడి హక్కుల గురించి మాట్లాడుతుంటే చిట్యాల ఐలమ్మ గుర్తురాక మానదు. ఆమె కౌలుకు చేసుకున్న భూమిలో పంటను విసునూరు దేశ్‌ముఖ్ మనుషులు ఎత్తుకుపోవడానికి వస్తే, సంఘం అండతో ఆ పంటను ఇంటికి చేర్చుకుంది. కురిసే గోడను ఆ పోరాటంతో పోల్చడం లేదు. ఆమె ఒంటరిగా మిగిలిపోలేదన్నదే నేను గుర్తుచేస్తున్నది. బిల్డరు దగ్గరికి ఒక్క ఆడమనిషి వెళ్తే "మీ ఆయన్ని పంపు" అంటాడు. పదిమంది ఫిర్యాదు కాగితం పట్టుకుని వెళ్లి, ముట్టినట్టు సంతకం పెట్టమంటే అలా అనలేడు.

వచ్చే సమావేశానికి మీ ఊళ్లో కురుస్తున్న ఇళ్ల జాబితా తెండి. ఎవరు కట్టారు, ఎప్పుడు అప్పగించారు, ఏ కాగితం ఉంది, ఈ మూడూ రాసుకురండి. అక్కడినుంచి మొదలుపెడదాం.