ఎర్ర గడి దగ్గర ఆగిపోయిన దరఖాస్తు

(విశాఖపట్నంలో చదువుకుంటున్న, పనిచేసుకుంటున్న ఆదివాసీ యువత ముందు మాట్లాడిన మాటలు ఇవి. చదివేవాళ్ల కోసం కొంచెం సర్ది పెడుతున్నాం.)



మైకు పట్టుకుంటే భూమి గురించో, బాక్సైట్ గురించో, జీవో 3 గురించో మాట్లాడతానని మీరు అనుకుని ఉంటారు. అవి ఎక్కడికీ పోలేదు, మాట్లాడుకుందాం. ఇవాళ మాత్రం ఒక చిన్న గడి గురించి మాట్లాడతా. ఆన్‌లైన్ ఫారం అంతా నింపి సబ్మిట్ నొక్కగానే చుట్టూ ఎర్ర గీత వచ్చే గడి. కింద ఇంగ్లీషులో ఒక్క ముక్క ఉంటుంది, 'ఇన్‌వాలిడ్' అని. చెల్లదు అని. ఏం చెల్లదో చెప్పదు. ఎందుకు చెల్లదో చెప్పదు.

మీలో దాన్ని చూడనివాళ్లు ఎవరూ ఉండరు. కుల ధ్రువీకరణకి, స్కాలర్‌షిప్పుకి, హాస్టల్ సీటుకి, పోర్టులోనో స్టీల్ ప్లాంట్‌లోనో అప్రెంటిస్‌కి, ఇప్పుడు అన్నిటికీ ఫారం ఆన్‌లైనే. ఎర్ర గడి వస్తే మనం ఏం చేస్తాం? మనదే తప్పు అనుకుంటాం. నెట్ సెంటర్ అబ్బాయి కూడా "మీ పేరు తీసుకోవట్లేదు" అంటాడు. ఆ మాట ఒకసారి మళ్లీ వినండి. మీ పేరు తీసుకోవట్లేదంట!

ముందు ఇది ఎలా పనిచేస్తుందో చూద్దాం. అది తెలిస్తే సగం భయం పోతుంది.

ఫారం తయారుచేసేవాళ్లు ఒక్కో గడికి ఒక్కో నియమం రాస్తారు. ఈ గడి తప్పనిసరి. ఈ గడిలో అంకెలే ఉండాలి, అవీ సరిగ్గా పది. ఈ గడిలో ఇంగ్లీషు అక్షరాలే ఉండాలి, కనీసం మూడు. మీరు రాసింది ఆ నియమానికి సరిపోకపోతే బ్రౌజర్ ఆ గడికి 'చెల్లదు' అని గుర్తు పెట్టుకుంటుంది, ఆ గుర్తు చూసి రంగు ఎర్రగా మారుతుంది. అంతే. ఎర్ర రంగుకి మీ గురించి ఏమీ తెలియదు. మీరు ఎవరో, మీ కాగితాలు నిజమో కాదో అది చూడలేదు. ఎవరో ఒక ఆఫీసులో కూర్చుని ఊహించుకున్న మనిషికీ మీకూ తేడా ఉందని మాత్రమే అది చెబుతోంది.

ఆ ఊహలోని మనిషి ఎవరు? అతనికి ఇంటి పేరు ఒకటి, అసలు పేరు ఒకటి విడివిడిగా ఉంటాయి. అన్ని కాగితాల్లో ఒకే స్పెల్లింగ్ ఉంటుంది. డోర్ నంబరు ఉంటుంది, వీధి పేరు ఉంటుంది. పుట్టిన తేదీ ఆసుపత్రి కాగితంలో ఉంటుంది. ఫోన్‌కి ఓటీపీ వెంటనే వస్తుంది.

ఇప్పుడు మనం. వంతల, కొర్రా, కిల్లో, పాంగి మన ఇంటి పేర్లు. పాము, సూర్యుడు, పులి, గద్ద. మన గోత్రాలే మన ఇంటి పేర్లు. 'వంతల'లో 'త'కి బడిలో ఒక మాస్టారు 'టీ' ఒక్కటే రాశారు, ఆధార్ దగ్గర 'టీహెచ్' కొట్టారు. మనిషి ఒక్కడే, గోత్రం ఒక్కటే, కంప్యూటర్‌కి మాత్రం ఇద్దరు. గూడెంలో డోర్ నంబరు ఉండదు, వీధి ఉండదు. రెవెన్యూ గ్రామాల జాబితా మాత్రమే ఫారంలో పెడితే, ఆ గ్రామం కింద ఉన్న మన గూడెం పేరు అందులో కనపడదు. పుట్టిన తేదీ తెలియని పెద్దవాళ్లకి జనవరి 1 అని రాసేసిన కాగితాలు ఎన్ని ఉన్నాయో మీకు తెలుసు.

2022 ఏప్రిల్ 4న రాష్ట్రంలో 13 జిల్లాలు 26 అయ్యాయి. పాడేరు కేంద్రంగా అల్లూరి సీతారామరాజు జిల్లా వచ్చింది. మంచిదే. కానీ పాత కాగితాల్లో మనం విశాఖపట్నం జిల్లావాళ్లం, కొత్త ఫారంలో అల్లూరి జిల్లావాళ్లం. రెండూ నిజమే. రెండు నిజాలు ఒకదానితో ఒకటి సరిపోకపోతే ఎర్ర గీత మన మీద పడుతుంది.

తెలుగులో రాద్దామన్నా కుదరదు. 'ఏ' నుంచి 'జెడ్' దాకా అక్షరాలే ఒప్పుకునేలా నియమం రాస్తే, మన రాష్ట్ర భాష మొత్తం 'చెల్లదు' కిందికి పోతుంది. తెలుగు ఒప్పుకున్న చోట ఇంకో తిరకాసు. 'స్త్రీ' అని రాస్తే మన కంటికి ఒక్క అక్షరం. కంప్యూటర్ లెక్కలో అది ఆరు గుర్తులు: స, పొల్లు, త, పొల్లు, ర, దీర్ఘం. 'ఇన్ని అక్షరాలకి మించకూడదు' అనే నియమం రాసేవాడికి ఈ లెక్క తెలియకపోతే, మామూలు తెలుగు పేరు కూడా పొడుగైపోతుంది.

కులం కాలమ్ సంగతి ఇంకా పెద్దది. అక్కడ మనం రాయడానికి లేదు, జాబితాలోంచి ఎంచుకోవాలి. బొండో పోర్జా, ఖోండ్ పోర్జా, కొండ సవర పేర్లు చూడండి. అత్యంత వెనుకబడిన గిరిజన సమూహాలని కేంద్రం పెట్టిన జాబితాలో వీళ్లు ఉన్నారు. ఆంధ్రప్రదేశ్ షెడ్యూల్డ్ తెగల జాబితాలో మాత్రం ఈ పేర్లతో లేరు. ఒకే ప్రభుత్వం, రెండు జాబితాలు. చివరికి 2024 ఫిబ్రవరిలో పార్లమెంటు చట్టం చేసి ఈ పేర్లు చేర్చింది. అప్పటిదాకా వాళ్లు ఏం ఎంచుకోవాలి? తమ సొంత పేరు కాకుండా దగ్గరగా ఉన్న ఇంకో పేరు. 342వ అధికరణం ప్రకారం ఆ జాబితా మార్చే అధికారం పార్లమెంటుదే, నిజమే. ఫారం రాసే ఇంజనీరు కులాన్ని చేర్చలేడు. కానీ 'నా పేరు ఈ జాబితాలో లేదు, అధికారి విచారించాలి' అని ఒక్క గడి పెట్టడానికి ఏ చట్టం అడ్డొచ్చింది?

ఇప్పుడు నేను చెప్పదలుచుకున్న అసలు మాట.

కాగితం రోజుల్లో మనం దరఖాస్తు ఇస్తే, అధికారి తిరస్కరించినా ఆ కాగితం ఉండేది. తేదీ ఉండేది, ముద్ర ఉండేది. దాన్ని పట్టుకుని పైకి వెళ్లొచ్చు. అటవీ హక్కుల చట్టం 2006, దాని నియమాలు ఏం చెబుతున్నాయి? క్లెయిమ్ తిరస్కరిస్తే కారణం రాసి ఇవ్వాలి, ఆ సంగతి హక్కుదారుకి నేరుగా తెలియజేయాలి, 60 రోజుల్లో పైకి అప్పీలు చేసుకునే అవకాశం ఉండాలి. సమాచార హక్కు చట్టం 2005, సెక్షన్ 4(1)(డి) ఏం చెబుతోంది? ప్రభుత్వ సంస్థ తన నిర్ణయాలకి కారణాలు ఆ నిర్ణయం వల్ల ప్రభావితమైనవాళ్లకి చెప్పాలి.

ఎర్ర గడి ఏం చేస్తోంది? దరఖాస్తు పుట్టకముందే ఆపేస్తోంది. సబ్మిట్ కాలేదు కాబట్టి నంబరు లేదు. నంబరు లేదు కాబట్టి తిరస్కరణ లేదు. తిరస్కరణ లేదు కాబట్టి అప్పీలు లేదు. రేపు అధికారిని అడిగితే "పెండింగ్ ఏమీ లేవు, అన్నీ పరిష్కరించాం" అంటాడు. ఆయన అబద్ధం చెప్పడం లేదు. ఆయన కంప్యూటర్‌లో మీరు లేరు, అంతే. పాడేరు నుంచి నూరు కిలోమీటర్లకు పైన ఘాట్ దిగి, ఇక్కడ నెట్ సెంటర్‌లో సాయంత్రం దాకా కూర్చుని, ఆఖరి తేదీ దాటిపోయి వెనక్కి వెళ్లిన పిల్ల ఏ లెక్కలోనూ లేదు.

ఈ ఊరి పోర్టు సంగతి ఒకటి చెప్తా. బైలదిల్లా ఇనుప రాయి కొత్తవలస-కిరండూల్ రైలు మార్గం మీద మన అరకు కొండల్ని చీల్చుకుని ఈ పోర్టుకి వచ్చింది. 1960ల్లో ఆ లైను వేసిందే జపానుకి ఖనిజం పంపడానికి. తర్వాత అదే బైలదిల్లా రాయి మన ఉక్కు కర్మాగారానికీ వచ్చింది. రాయికి ప్రతి వ్యాగన్‌కీ నంబరు ఉంది, బరువుకి లెక్క ఉంది, రసీదు ఉంది. ఆ లైను పక్క గూడెం మనిషి దరఖాస్తుకి రసీదు ఎందుకు ఉండదు?

సరే, మంచి ఫారం ఎలా ఉంటుంది? ఇది మన కోరిక మాత్రమే కాదు, ప్రపంచమంతా ఒప్పుకున్న ప్రమాణాలున్నాయి. వెబ్ ప్రమాణాలు పెట్టే డబ్ల్యూ3సీ అనే సంస్థ డబ్ల్యూసీఏజీ అని మార్గదర్శకాలు ఇచ్చింది. 2.0 రూపం 2008లో, 2.2 రూపం 2023లో వచ్చాయి. అందులో మొట్టమొదటి స్థాయి నియమమే ఇది: తప్పు పట్టుకుంటే ఏ గడిలో తప్పో చూపాలి, ఆ తప్పేంటో మాటల్లో చెప్పాలి. ఇంకొకటి, రంగు ఒక్కదానితోనే సమాచారం చెప్పకూడదు. ఎరుపు, ఆకుపచ్చ తేడా కనపడనివాళ్లు ఉన్నారు. చూపు లేనివాళ్లు స్క్రీన్ రీడర్‌తో వింటారు. ఎండలో పగిలిన ఫోన్ మీద ఆ సన్న గీత మనకే కనపడదు. మన దేశ ప్రభుత్వ వెబ్‌సైట్ల మార్గదర్శకాలు కూడా ఈ ప్రమాణాలనే తీసుకున్నాయి. అంటే మనం అడిగేది కొత్తదేం కాదు, వాళ్లు ఒప్పుకున్నదే.

మీలో మధురవాడ, రుషికొండ కంపెనీల్లో పనిచేసేవాళ్లు, కోడింగ్ నేర్చుకుంటున్నవాళ్లు ఉన్నారు. మీకు ప్రత్యేకంగా చెబుతున్నా, రాసుకోండి.

గడి పక్కనే కారణం రాయండి, తెలుగులో. 'చెల్లదు' అని వదిలేయకుండా 'ఫోన్ నంబరు 10 అంకెలు ఉండాలి, మీరు 9 కొట్టారు' అని చెప్పండి. మనిషి ఇంకా టైపు చేస్తుండగానే ఎర్ర గీత వేసి భయపెట్టకండి, ఆ గడి దాటిన తర్వాత చెప్పండి. తప్పులన్నీ పేజీ పైన ఒకచోట చూపండి, నొక్కితే ఆ గడికి వెళ్లాలి. స్క్రీన్ రీడర్‌కి తెలిసేలా 'ఏరియా-ఇన్‌వాలిడ్' గుర్తు పెట్టండి, కారణాన్ని ఆ గడికి కలపండి. ఒక్క తప్పు కోసం నింపినదంతా చెరిపేయకండి. ఏజెన్సీలో సిగ్నల్ పోతే మళ్లీ మొదటి నుంచి అంటే, సర్టిఫికెట్లన్నీ మళ్లీ అప్‌లోడ్ అంటే, ఆ రోజు కూలి పోయినట్టే. పేరు గడికి కనీసం ఇన్ని అక్షరాలు అనే నియమం తీసేయండి. ఇంటి పేరు, డోర్ నంబరు తప్పనిసరి చేయకండి. జాబితా ఉన్న ప్రతిచోటా 'ఇందులో లేదు' అనే దారి పెట్టండి.

అన్నిటికంటే ముఖ్యం, గడులు సరిపోకపోయినా దరఖాస్తు నంబరు ఇవ్వండి. 'అసంపూర్తి' అని రాయండి, పర్లేదు. ఫోన్ నంబరులో అంకె తప్పితే యంత్రం ఆపొచ్చు. మనిషి పేరు, తెగ, ఊరు విషయంలో యంత్రం సందేహం చెప్పొచ్చు, నిర్ణయం మాత్రం సంతకం పెట్టే అధికారి చేయాలి.

మిగతావాళ్లం ఏం చేద్దాం? ఎర్ర గడి వస్తే ముందు స్క్రీన్‌షాట్ తీయండి, తేదీ, టైము కనపడేలా. ఎవరికైనా పంపేముందు ఆధార్ నంబరు చెరిపేయండి. అదే రోజు తెల్లకాగితం మీద 'ఫలానా ఫారంలో ఫలానా గడి తీసుకోలేదు, నా దరఖాస్తు ఇదిగో' అని రాసి సచివాలయంలోనో, ఐటీడీఏలోనో, కలెక్టరేట్ గ్రీవెన్స్‌లోనో ఇచ్చి రసీదు తీసుకోండి. ఆఖరి తేదీ లోపే ఇవ్వండి. ఆ రసీదే మీరు దరఖాస్తు చేసుకున్నారనడానికి సాక్ష్యం. తర్వాత సమాచార హక్కు కింద అడగండి: ఈ గడికి ఈ నియమం ఎవరు పెట్టారు, ఏ ఉత్తర్వు ప్రకారం పెట్టారు, మొదలుపెట్టి పూర్తికాని దరఖాస్తులు ఎన్ని?

ఒక్కరు అడిగితే 'సర్వర్ ప్రాబ్లం' అంటారు. ఒకే గడి దగ్గర ఆగిపోయిన 50 మంది స్క్రీన్‌షాట్లు, 50 రసీదులు ఒక్క కట్టగా బల్ల మీద పెడితే ఆ మాట అనలేరు. ప్రతి మండలం నుంచి ఇద్దరు ఈ పని తీసుకోండి. ఒకరు ఫారాలు నింపడానికి సాయం చేయాలి, ఒకరు ఆగిపోయినవి నోట్‌బుక్‌లో రాయాలి. పేరు, ఊరు, ఏ ఫారం, ఏ గడి, ఏ తేదీ.

ఇప్పుడు ప్రభుత్వ సేవలు వాట్సాప్‌లోకి కూడా వచ్చేశాయి. 2025 జనవరిలో 'మన మిత్ర' మొదలైంది. రేపు ఇంకేదో వస్తుంది. స్క్రీన్ మారుతుంది, దాని వెనక గడి ఉంటుంది, గడి వెనక ఒక నియమం ఉంటుంది, నియమం వెనక ఒక మనిషి ఉంటాడు. మనం అడగాల్సింది ఆ మనిషిని.

ఈసారి ఎవరైనా "మీ పేరు తీసుకోవట్లేదు" అంటే తల దించుకోకండి. "ఎందుకు తీసుకోదో రాసివ్వండి" అనండి.

జై ఆదివాసీ!