మ్యాన్‌హోల్ పొంగితే ఎవరికి చెప్పాలి?

హైదరాబాద్ అమీర్‌పేట సందులో గట్టి వాన. హాస్టల్ గేటు ముందు మ్యాన్‌హోల్ పొంగింది. పిల్లలు ప్యాంట్లు మడిచి ఇటుకల మీద నడుస్తున్నారు. ఎవరికి చెప్పాలి? చాలామంది నగరపాలక సంస్థ జీహెచ్‌ఎంసీకే ఫోన్ చేస్తారు. చెత్త, వీధిదీపాలు, వాననీటి కాలువలు వాళ్లవి. మురుగు మాత్రం నీటి బోర్డు జలమండలిది. నంబరు 155313. మళ్లీ చెబుతున్నా, మురుగుకు జలమండలి.

ఫిర్యాదు నంబరు రాసుకోండి. పని కాకుండానే 'పరిష్కరించాం' అని మెసేజ్ వస్తే? వస్తుంది లెండి, అప్పుడప్పుడూ! ఫొటో తీసి మళ్లీ అడగండి. జీహెచ్‌ఎంసీ పనైతే సోమవారం వాళ్ల ప్రజావాణి ఉంది, ఫిర్యాదులు నేరుగా వింటారు. రాష్ట్ర ప్రభుత్వానికే చెప్పాలంటే, పంజాగుట్ట వాళ్లకు బేగంపేట ప్రజాభవన్ పక్కనే. 2023 డిసెంబరులో అక్కడా ప్రజావాణి మొదలైంది. అధికారి నిర్లక్ష్యం మీద లోకాయుక్తకూ రాయవచ్చు. ఎక్కడికెళ్లినా ముందు అడిగేది ఆ ఫిర్యాదు నంబరే. పారేసుకోకండి.