పాత ఇత్తడి కుళాయిలు



మన తిరువూరు ఇళ్లలో పాత గుసుల్‌ఖానా బాగుచేయించేటప్పుడు ఇత్తడి కుళాయిలను తూకానికి అమ్మేయకండని మా మనవి. కొత్త పైపుకు పట్టవనేది అపోహే. అర అంగుళం కుళాయి మరను బయట కొలిస్తే సుమారు 21 మి.మీ. వస్తుంది. అది చూసి ముప్పావు సామాను కొనుక్కొచ్చేవారున్నారు! అర అన్నది గొట్టం లోపలి బోలును బట్టి వచ్చిన పేరు. అంగుళానికి 14 చుట్లుండే ఆ బ్రిటిషు మరే నేటికీ మనకు చెలామణిలో ఉంది. కనుక ప్లాస్టిక్ పైపుకు ఇత్తడి మర పొదిగిన ఎల్బో అతికిస్తే పాత కుళాయి సాధారణంగా చక్కగా పడుతుంది. ఉత్త ప్లాస్టిక్ మరలో బిగిస్తే పగులుతుంది. టెఫ్లాన్ టేపు చుట్టండి. పూర్వపు సఫేదాలో సీసం ఉండేది, నోట్లో పోసుకునే నీళ్లకు అది వద్దు.

కారుతుంటే ముందు వాషరు మార్చి చూడండి. అప్పటికీ కారితే లోపలి పీట అరిగినట్టు, సానపట్టించాలి. అదీ కుదరకపోతే అమ్మేయండి, మేము అడ్డురాము.