ఆగమనకాలము – హృదయ సంసిద్ధత
(ఉపన్యాస పాఠము)



పండుగకు ముందు ఇంటికి సున్నము కొట్టించుట, బూజు దులుపుట, క్రొత్తబట్టలు కుట్టించుట తెలుగువారికి తరతరాల ఆచారము. క్రిస్మసునకు ముందు క్రైస్తవుల ఇండ్లలోను ఈ సందడియే కనుపించును. అయితే క్రైస్తవ సంఘము ఆ పండుగకు ముందు హృదయమును గూడ ఊడ్చి అలుకుకొనుటకు కొంత కాలమును ప్రత్యేకించినది. దానికే ఆగమనకాలమని పేరు.

లాటిను భాషలో 'అద్వెంతుస్' అనగా రాక. పాశ్చాత్య సంఘములలో ఈ కాలము నవంబరు 30వ తేదీకి అతి సమీపమైన ఆదివారమున ప్రారంభమగును. క్రిస్మసు వచ్చులోపల నాలుగు ఆదివారములు గడచును. 5వ శతాబ్దిలోనే గాల్ దేశమున, అనగా నేటి ఫ్రాన్సులో, నవంబరు 11వ తేదీన వచ్చు సెయింట్ మార్టిన్ పండుగ మొదలుకొని క్రిస్మసు వరకు వారమునకు మూడు దినములు ఉపవసించు నియమముండెను. ప్రార్థనాలయములందు ఈ కాలమున ఊదారంగు వస్త్రములను వాడుటయు ఆ పశ్చాత్తాపభావమునకు చిహ్నమే.

1839లో జర్మనీలోని హాంబర్గు నగరమున యోహాన్ హిన్రిక్ విఖెర్న్ అను పాదిరి, తాను నడుపుచుండిన పేదపిల్లల ఆశ్రమములో ఒక బండిచక్రముపై క్రొవ్వొత్తులను అమర్చెను. పండుగ ఎన్నడు వచ్చునని పిల్లలు మాటిమాటికి అడుగుచుండిరట. దినమునకొక చిన్న వత్తిని, ఆదివారమునకొక పెద్ద వత్తిని వెలిగించుచు ఆయన వారికి ఓర్పుతో వేచియుండుట నేర్పెను. నేడు నాలుగు క్రొవ్వొత్తులతో కనుపించు ఆగమనమాలికకు మూలమదియే. మనస్సులోని చీకటియు అట్లే దినమునకు కొంత చొప్పున తొలగును.

హృదయమును సిద్ధపరచుట అనగా ఏమి? లూకా సువార్త మూడవ అధ్యాయమున దీనికి సూటియైన సమాధానము గలదు. యోర్దాను నదీప్రాంతమున బోధించుచున్న యోహానును జనులు తమ కర్తవ్యమేమని అడిగిరి. రెండు అంగీలు గలవాడు లేనివానితో పంచుకొనవలెనని ఆయన చెప్పెను. సుంకరులు వచ్చి అడుగగా, విధింపబడిన మొత్తమునకు మించి వసూలు చేయవలదనెను. సైనికులు అడుగగా, ఎవరిని బెదరించి సొమ్ము లాగవలదనియు, తమ జీతముతో తృప్తి చెందవలెననియు బోధించెను.

ఉద్యోగులు ఈ ఘట్టమును శ్రద్ధగా గమనింపదగును. యోహాను ఎవ్వరిని ఉద్యోగము విడిచి అడవికి రమ్మనలేదు. సుంకపుమెట్టు వద్దనే, సైనికుని విధిలోనే మారుమనస్సు కనబడవలెనని ఆయన అభిప్రాయము. ఒక వితంతువు పింఛను కాగితములను నెలదినములుగా బల్లపై కదలనీయక, సాయంకాలము ఇంటికేగి వాకిట నక్షత్రదీపము కట్టు గుమాస్తాకు ఆ దీపము ఏ దారి చూపగలదు? ఆ కాగితములపై సంతకము చేయించి పంపిన దినమున అతని ఆగమనకాలము నిజముగా ప్రారంభమైనదనవచ్చును. పొలము గట్టు తగవుతో స్వగ్రామమందలి అన్నను ఏండ్లతరబడి పలుకరింపని తమ్మునికిని ఈ నాలుగు వారములలో చేయదగిన పని యొకటి కలదు. ఉపవాసముకంటె అదియే అతనికి కష్టమైనది. కనుకనే దానిని మొదట చేయవలెను.

బేత్లెహేమునకు చేరిన ఆ దంపతులకు సత్రములో స్థలము దొరకలేదు. వారిని ఎవరో ద్వేషించి వెళ్లగొట్టిరని సువార్త చెప్పదు. సత్రము నిండియుండెను, అంతియే. మానవ హృదయముయొక్క స్థితియు తరచుగ ఇదియే. పనులతో, పగలతో, కొనవలసిన వస్తువుల చింతతో అది నిండిపోవును, వచ్చువారికి చోటుండదు. ఏ మతమువారి పండుగకైనను ఈ మాట వర్తించును.

ఇంటికి సున్నము కొట్టించుటకు కూలివాడు దొరకును. హృదయమును ఊడ్చుకొనుట మాత్రము ఎవరి పని వారే చేసికొనవలసియున్నది.