బిడ్డతో పాటు తల్లినీ అడుగుదాం



మాది బిల్డింగ్ పని. జూన్ 1 నుంచి సెప్టెంబర్ 15 దాకా ఖతర్‌లో పొద్దున 10 గంటల నుంచి మధ్యాహ్నం మూడున్నర వరకు ఎండలో పని చేయించకూడదని నియమం ఉన్న సంగతి మీ అందరికీ తెలుసు. ఆ నెలల్లో రోజూ పని మొదలయ్యే ముందు మేం సూపర్‌వైజర్లం ఒక్కొక్క మనిషినీ అడుగుతాం: తలనొప్పి ఉందా, కళ్ళు తిరుగుతున్నయా, నీళ్ళు తాగినవా అని. "ఏం లేదు సార్" అన్నా ముఖం వాడిపోయి ఉంటే నీడలో కూర్చోబెడతాం. సైటులో ఇంత జాగ్రత్తగా అడిగే మేం, మా ఇంటి ఆడబిడ్డను అడగలేదు. ఆ సంగతి చెప్పడానికే ఇవాళ మీ ముందు నిలబడ్డాం.

మేం అన్నదమ్ములం ఇద్దరం దోహాలోనే ఉంటాం. తమ్ముని భార్యకు ఏడో నెలలో బీపీ పెరిగింది. కరీంనగర్ తీసుకపోతే 31 వారాలకే ఆపరేషన్ చేసి బిడ్డను తీశారు. బాబు 1,300 గ్రాములు. వెంటనే నవజాత శిశువుల ఐసీయూలో పెట్టారు. ఐదో రోజు తల్లికి డిశ్చార్జి రాసిచ్చారు. బిడ్డ లోపల, పచ్చి బాలింత బయట వరండాలో బెంచీ మీద.

మేం డ్యూటీ దిగి ఏడు గంటలకు ఫోన్ చేస్తే అక్కడ తొమ్మిదిన్నర. రోజూ అవే ప్రశ్నలు. బాబు బరువెంత, ఆక్సిజన్ తీశారా, బిల్లు ఎంతైంది. ఎనిమిదో రోజు ఆమె "తల పగిలిపోతున్నది, కండ్లు మసకగా కనబడుతున్నయి" అన్నది. "నిద్ర లేక అట్లుంటది, గోళీ వేసుకో" అన్నాం. మర్నాడు పాలు ఇవ్వడానికి లోపలికి పోతే, వాచిన ముఖం చూసి నర్సమ్మే ఆమెను కూర్చోబెట్టి బీపీ చూసింది. 170/110. ఇంకా ఆలస్యమైతే ఫిట్స్ వచ్చేవన్నారు. మళ్ళీ చేర్చుకుని, సూదిమందులిచ్చి కాపాడారు. ఇప్పుడు తల్లీ బిడ్డా బాగున్నారు, బాబు అంగన్‌వాడీకి పోతున్నాడు. కాని ఆ రోజు మేం అన్న మాట ఇంకా గుర్తుకొస్తూనే ఉంటది.

తర్వాత డాక్టరమ్మను అడిగి తెలుసుకున్నవి చెప్తాం. 37 వారాలు నిండకముందే పుడితే నెలలు నిండని బిడ్డ అంటారు. చాలాసార్లు తల్లికి బీపీ పెరగడం వల్లనే బిడ్డను ముందుగా తీయాల్సి వస్తది. బిడ్డను తీసినంత మాత్రాన తల్లి జబ్బు అదే రోజు పోదు. కాన్పు అయిన ఆరు వారాల దాకా ప్రమాదం ఉంటది. అంటే లోపల ఒక పేషెంటు, బయట బెంచీ మీద ఇంకో పేషెంటు.

ఈ గుర్తులు రాసిపెట్టుకోండి: తగ్గని తలనొప్పి, కళ్ళు మసకబారడం, గంటలోనే ప్యాడ్ తడిసిపోయేంత రక్తం, జ్వరం, కుట్ల దగ్గర చీము, ఒక కాలు వాచి నొప్పి పెట్టడం, ఆయాసం. వీటిలో ఏది ఉన్నా గోళీతో సరిపెట్టొద్దు. అదే దవాఖానలో వెంటనే చూపించాలి. ఇంటి దగ్గర ఉంటే 108కి ఫోన్ చేయాలి.

తిండి సంగతి. బాలింత అని నీళ్ళు తగ్గిస్తారు, పత్యం పేరుతో కారం మెతుకులు పెడతారు. బిడ్డ చప్పరించలేనప్పుడు తల్లి రెండు మూడు గంటలకోసారి, రాత్రి కూడా, పాలు పిండి ఇవ్వాలి. నీళ్ళు, పప్పు, గుడ్డు, కూర లేకపోతే ఆ ఒంటికి బలం ఎక్కడిది? ఐరన్ గోళీలు మానొద్దు.

మనసు సంగతి. మొదటి రెండు వారాలు ఏడుపు రావడం మామూలే. ఆ తర్వాత కూడా తగ్గకపోతే, వీలున్నా నిద్ర పట్టకపోతే, బిడ్డను చూడాలని అనిపించకపోతే అది జబ్బే, మందు ఉన్న జబ్బు. చచ్చిపోవాలి అన్న మాట నోట వస్తే ఒంటరిగా వదలొద్దు, ఆ గంటలోనే డాక్టరు దగ్గరికి తీసుకపోవాలి. మన దేశంలో 14416 టెలిమానస్ నంబరుకు చేస్తే పైసలు లేకుండా తెలుగులో మాట్లాడతారు. "నీ వల్లే ఇట్లయింది" అనే మాట ఇంట్లో ఎవరి నోటా రాకుండా చూసే బాధ్యత మనది. ఆ మాట మనం ఫోన్లో ఆపగలం.

డాక్టరు సరేనంటే బిడ్డను తల్లి రొమ్ముకు ఆనించి పెట్టుకోవచ్చు. కంగారూ పద్ధతి అంటారు. మన దేశంతో కలిపి ఐదు దేశాల్లో జరిగిన పరిశోధన 2021లో వచ్చింది. పుట్టగానే తల్లినీ బిడ్డనూ ఒకే చోట ఉంచి ఈ పద్ధతి మొదలుపెడితే, తక్కువ బరువు పిల్లల మరణాలు నాలుగో వంతు తగ్గాయి. సెలవు దొరికి ఊరికి పోయిన తండ్రి కూడా బిడ్డను ఇట్లా పెట్టుకోవచ్చు. అంతసేపు తల్లి పడుకుంటది.

ఖర్చుకు భయపడి ఆమెను చూపించకుండా ఉండొద్దు. 2011 నుంచి జననీ శిశు సురక్ష కార్యక్రమం కింద సర్కారు దవాఖానల్లో బాలింతకూ జబ్బు చేసిన పసిబిడ్డకూ వైద్యం, మందులు ఉచితం.

దోహాలో కుటుంబంతో ఉన్నవాళ్ళకు ఒక మాట. బిడ్డ ఇక్కడ హమద్ దవాఖాన ఐసీయూలో ఉంటే తల్లి రోజూ ఫ్లాటు నుంచి పోయి రావాలి. భర్త డ్యూటీలో ఉంటాడు, అమ్మా అత్తమ్మా పక్కన ఉండరు. మనలో బండి ఉన్నవాళ్ళు ఒక పూట దింపి రావచ్చు, పక్కింటి అక్క ఒక టిఫిన్ పంపొచ్చు. ఆ గుర్తులేమైనా కనబడితే ఇక్కడ 999కి ఫోన్ చేయాలి.

స్లాబ్ పోసిన రోజు మనం పైన కాంక్రీటును ఎంత చూస్తమో, కింద జాకీలను అంతకన్నా ఎక్కువ చూస్తం. ఒక్క జాకీ జారితే పైనున్నది ఆగదు. ఇంట్లో కూడా అంతే.

ఈ రాత్రి మనలో ఎవరి బిడ్డ ఐసీయూలో ఉన్నా, ఫోన్ చేయగానే మొదటి మాట "నీ పానం ఎట్లున్నది? బీపీ చూపించుకున్నవా? తిన్నవా?" అని అడగండి. ఆమె చెప్పేదాకా ఆగి వినండి. బాబు బరువు ఆ తర్వాత అడుగుదాం.

సెలవు.